పెన్షనరు – సొంత ఇల్లు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను సర్కారువారు దయతలచి ఇచ్చేది కాదు, మనం చాకిరీ చేసి సంపాదించుకున్న హక్కు అని చెప్పింది. ఆ సంగతి మీకందరికీ కంఠతా వచ్చు. డి.ఏ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. కార్యదర్శిగారు నన్ను సొంత ఇంటి గురించి మాట్లాడమన్నారు. నేను వక్తను కాను. 1971 నుంచి 2008 వరకు తాలూకాఫీసులోను, 1985లో మండలాలు వచ్చాక మండలాఫీసులోను, చివర్లో కలెక్టరేటులోను నోట్ ఫైళ్ళు రాసిన గుమస్తాను. పైవారు ఏం నిర్ణయించాలో నేను చెప్పేవాణ్ణి కాదు. ఫైల్లో ఉన్నదేదో వాళ్ళ ముందు పెట్టేవాణ్ణి. ఈ రోజు కూడా అంతకు మించి చెయ్యను. అయితే ఈ ఫైల్లో మా ఇంటి కాగితాలు కూడా ఉన్నాయి.

మన తరంవాళ్ళకు ఇల్లంటే ఎందుకంత తాపత్రయమో మన పిల్లలకు అర్థం కాదు. వాళ్ళు అద్దె వాటాల్లో బతకలేదు. నేను పెద్దాపురంలో ఉద్యోగంలో చేరినప్పుడు ఒక పెంకుటింట్లో రెండు గదుల వాటా, నెలకు 30 రూపాయల అద్దె. ఇంటావిడ మంచి మనిషే. కాని రాత్రి ఎనిమిది దాటాక బావిలో చేద వెయ్యకూడదు, గోడకు మేకు కొట్టకూడదు, చుట్టాలొస్తే మూడో రోజు నుంచి ఆవిడ ముఖం మారిపోయేది. మా అమ్మ వచ్చినప్పుడల్లా మూడో రోజు పొద్దున్నే సంచి సర్దుకునేది. పదేళ్ళలో తుని, రామచంద్రపురం, మళ్ళీ పెద్దాపురం, కాకినాడ. ఏడు ఇళ్ళు మారాం. ప్రతిసారీ పాలు పొంగించడం, ప్రతిసారీ ఆవకాయ జాడీ ఏది పగులుతుందో అని భయం.

1981లో మొదలుపెట్టాం. ఉద్యోగుల సహకార గృహనిర్మాణ సంఘం ద్వారా వచ్చిన 200 గజాల స్థలం. అప్పట్లో సిమెంటు కంట్రోలు సరుకు. 1982 ఫిబ్రవరిలో ఆ కట్టు కొంత సడలించేదాకా పర్మిట్ లేనిదే బస్తా దొరికేది కాదు. మా సెక్షన్లో ఆ పర్మిట్ల రిజిస్టరు రాసేవాణ్ణి నేనే. నా దరఖాస్తు మాత్రం వరుసలోనే నిలబడింది. అందుకని గోడలు గానుగ సున్నంతో లేపి, వచ్చిన సిమెంటు శ్లాబుకు దాచుకున్నాం. మా ఇంటావిడ గాజులు బ్యాంకులో తాకట్టుకు వెళ్ళాయి. మిగిలినది గవర్నమెంటు హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు. మీకు తెలుసుగా ఆ పద్ధతి, అసలంతా ముందు కోసి, వడ్డీ తరువాత కోస్తారు. అసలు తీరిపోయిందని సంబరపడేసరికి వడ్డీ వాయిదాలు మొదలవుతాయి. తనఖా విడుదలై దస్తావేజు ఇంటికి వచ్చేటప్పటికి మా అబ్బాయి కాలేజీలో ఉన్నాడు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మీకు గుర్తుండే ఉంటుంది. వీధిలో పెంకులు, రేకులు ఎగిరిపోతుంటే మా రెండు గదుల్లో పదిహేడు మంది తెల్లవారేదాకా కూర్చున్నాం. గానుగ సున్నం గోడ కదల్లేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఇంటి ధర ఎంత అని ఎవరైనా అడిగితే నాకు ఆ రాత్రి కూడా లెక్కలోకి వస్తుంది, అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొన్నేళ్ళ క్రితం మా అబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చి, భోజనాలయ్యాక ఒక కాగితం తీశాడు. "నాన్నగారూ, మన ఇల్లు ఇప్పుడు కోటి రూపాయలు పలుకుతుంది. అద్దెకిస్తే నెలకు పదిహేను వేలు, ఏడాదికి లక్షా ఎనభై వేలు. నూటికి రెండు రూపాయలు కూడా రావడం లేదు. అదే బ్యాంకులో వేస్తే ఏడు లక్షలు వస్తాయి. సగం నేను ఫ్లాటుకు కడతాను, సగం మీ పేర డిపాజిట్ వేస్తాను. మీరిద్దరూ నా దగ్గరకు వచ్చెయ్యండి" అన్నాడు.

వాడు చెడ్డవాడు కాడు. అద్దె కట్టలేక, అప్పు చెయ్యలేక నలుగుతున్నవాడు. ఇక లెక్కంటారా, అందులో తప్పు లేదు. నేనూ అకౌంట్ టెస్ట్ ప్యాసైనవాణ్ణే, రెండుసార్లు వేసి చూశాను. బ్యాంకు వడ్డీ మీద పన్ను పడుతుంది, రేటు ఎప్పుడూ ఏడే ఉండదు, అద్దెలు ఏటా పెరుగుతాయి. ఇవన్నీ కలిపినా కాగితం మీద వాడిదే పైచేయి. మా ఇంటావిడ కాగితం చూడలేదు. "బీరువా తాళాలు నా బొడ్లో లేని ఇంట్లో నేనుండలేను నాయనా" అని కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వాడికి కోపం వచ్చింది. నేను ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికి నాకు దూరం వెళ్ళవలసిన పని లేకపోయింది.

మన సభ్యుడే ఒకాయన. పేరు చెప్పను. ఆయన ఈ హాల్లోనే కూర్చున్నాడు, ఈ సంగతి చెప్పమన్నదీ ఆయనే. నాలుగు గదుల ఇల్లు, పెరట్లో కొబ్బరిచెట్లు. 2015లో అమ్మేసి, ఆ సొమ్ము కొడుకు హైదరాబాదులో కొన్న ఫ్లాటుకు ఇచ్చాడు. ఫ్లాటు కొడుకు, కోడలు పేర రిజిస్టరయింది. రెండేళ్ళు బాగానే గడిచింది. సినిమాల్లోలాగా కోడలు అన్నం పెట్టకపోవడం, కొడుకు కేకలెయ్యడం, అవేవీ జరగలేదు. మనవడికి టెన్త్ వచ్చింది, చదువుకు గది కావాలి. వీళ్ళ మంచం హాల్లోకి వచ్చింది. హాల్లో టీవీ, వచ్చేపోయేవాళ్ళు. ఆవిడకు రాత్రి నాలుగుసార్లు లేవాలి. ఎవరూ ఏమీ అనలేదు. ఒక వేసవిలో "ఊరి గాలి పడుతుంది, కొన్నాళ్ళుండి వస్తాం" అని ఇక్కడికి వచ్చి, కింద అంతస్తులో ఒక వాటా అద్దెకు తీసుకున్నారు. మళ్ళీ వెళ్ళలేదు.

ఆ వాటా దొరకడానికే రెండు నెలలు పట్టింది. ముసలివాళ్ళకు ఇల్లెవరూ తొందరగా ఇవ్వరు. పెన్షనరు కదా, అద్దె ఒకటో తారీఖున ఇస్తాడు గదా అని మనం అనుకుంటాం. ఇంటివాడి భయం అద్దె గురించి కాదు. ఇంట్లో ఏదైనా జరిగితే? ధనిష్ఠా పంచకంలో పోతే నెలల తరబడి ఇల్లు మూసిపెట్టాలంటారు. ఆ నమ్మకం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇప్పుడు పెట్టను. సొంత ఇల్లయితే శాంతి చేయించి సరిపెట్టుకునేవాళ్ళను చూశాను. అద్దె ఇంటి దగ్గరికి వచ్చేసరికే శాస్త్రం అంత గట్టిగా గుర్తుకొస్తుంది.

ఒక వానాకాలంలో ఆవిడ ఆసుపత్రిలో పోయింది. ఆంబులెన్సు బయలుదేరుతుండగా ఇంటి యజమాని ఫోను. శవాన్ని ఇంటికి తీసుకురావద్దు. ఆయనా దుర్మార్గుడు కాదండీ. పై అంతస్తులో కూతురు పురిటికి వచ్చి ఉంది. చేతులు పట్టుకుని బతిమాలుకున్నంత పని చేశాడు. కొడుకు హైదరాబాదు నుంచి కారులో దారిలో ఉన్నాడు. నలభై ఏళ్ళు కాపురం చేసిన ఊళ్ళో ఆవిణ్ణి ఎక్కడ దింపాలో తెలియక ఆ బండి ముప్పావుగంట ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడింది. చివరకు మన అసోసియేషను వాళ్ళం ఈ హాలు ముందే, ఇందాక మీరంతా చెప్పులు విడిచిన చోటే, షామియానా వేయించాం. పైన వాన. అమ్మలక్కలు గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. కర్మకాండ సత్రంలో జరిగింది.

మా అబ్బాయి కాగితంలో లేని పద్దు అది. ఫలానా రేటు చొప్పున ఏడాదికి ఇంత అని దానికి కట్టడానికి వీలులేదు.

నేనిది చెప్పింది పిల్లల్ని బోనులో నిలబెట్టడానికి కాదు. వాళ్ళకు సహాయం చెయ్యవద్దని కూడా నేను అనను. ఉన్నదాంట్లో ఇవ్వండి. నెత్తి మీద కప్పు మాత్రం, మీరూ మీ తరువాత మీ భార్యా ఉన్నంతకాలం, మీ పేరనే ఉంచుకోండి. ఎందుకంటారా, మన భార్యల సంగతి వినండి.

పూర్తి సర్వీసు ఉన్నవాడికి పెన్షను చివరి జీతంలో సగం. మనం పోతే ఫ్యామిలీ పెన్షను అదే జీతంలో నూటికి 30. ఎక్కువ రేటు అని కొంతకాలం ఇచ్చేది మన వయసు దాటినవారికి వర్తించదు. అంటే ఇప్పుడు వచ్చే రూపాయిలో 40 పైసలు ఆ నెల నుంచే పోతాయి. మందుల ఖర్చు పోదు. కరెంటు బిల్లు సగానికి సగం తగ్గదు. ఆ డబ్బులోంచి ఆవిడ అద్దె కూడా కట్టాలంటే ఏం తింటుంది? ముందు వరుసలో ఉన్న సోదరీమణులకు నేను చెప్పనక్కరలేదు, వాళ్ళే నాకు చెప్పారు.

రెండో సంగతి. "నేను పోతే ఇల్లు ఎలాగూ మా ఆవిడదే గదా" అని మనలో ముప్పాతిక మంది అనుకుంటారు. కాదు. వీలునామా లేకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం స్వార్జితమైన ఇల్లు భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమాన వాటాలు. తల్లి బతికి ఉంటే ఆవిడకూ ఒకటి. ఇద్దరు పిల్లలుంటే భార్యకు మూడో వంతే. మిగిలినవారిలో ఏ ఒక్కరైనా పంపకం కావాలని కోర్టుకెక్కవచ్చు. పిల్లలు ఎక్కకపోయినా, వాళ్ళ అప్పులవాళ్ళు ఎక్కరని చెప్పలేం. బ్యాంకులో నామినీ సంగతీ అంతే. నామినీ సొమ్ము అందుకునేవాడే గాని సొంతదారు కాడు.

కాబట్టి వీలునామా రాయండి. ఆ మాటెత్తితే చాలామంది అపశకునంలా చూస్తారు. ఎల్.ఐ.సి. పాలసీకి సంతకం పెట్టిన నాడు రాని అపశకునం దీనికి మాత్రం ఎందుకు వస్తుంది? తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కరలేదు. మీరు సంతకం చెయ్యడం చూసిన సాక్షులు ఇద్దరు కావాలి, వాళ్ళూ సంతకం చెయ్యాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. మనసు మారితే తిరగరాసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. ఆస్తి పొందేవాళ్ళను సాక్షులుగా పెట్టవద్దు. పొద్దున్న వాకింగులో కలిసే డెబ్భై అయిదేళ్ళ మిత్రుల్ని కూడా వద్దు! వీలునామా అవసరపడేనాటికి సాక్షి బతికి ఉండాలి గదా. మా కాలనీలో ఒకాయన వీలునామా తెరిచేసరికి సాక్షులిద్దరూ ఆయన కంటే ముందే వెళ్ళిపోయారు. సంతకాలు గుర్తుపట్టేవాళ్ళ కోసం ఊరంతా తిరిగారు.

భార్యకు రాసేటప్పుడు కొందరు "జీవితకాలం అనుభవించి, తదనంతరం కొడుకుకు" అని రాయిస్తారు. తెలివిగా రాశామనుకుంటారు గాని, భార్య మనోవర్తి హక్కు దగ్గర అది మెలిక పడి కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలిగిన కేసులున్నాయి. అలా రాయదలుచుకుంటే వకీలుకు చూపించి మరీ రాయండి. నేను మా ఆవిడకు సర్వహక్కులతోనే రాశాను. అంతకాలం కాపురం చేసినదాన్ని ఇంటి విషయంలో నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాం?

ఇక దఖలు దస్తావేజులు, గిఫ్టు సెటిల్‌మెంట్లు. "ఎప్పటికైనా వాడిదే గదా, ఇప్పుడే రాసేస్తే ఓ పని అయిపోతుంది" అని పెద్దమనుషులు సలహా ఇస్తారు. వీలునామాకూ దీనికీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. అది మనం పోయాక పనిచేస్తుంది, ఇది సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు దిగేసరికే పనిచేస్తుంది. పుచ్చుకున్నవారు పుచ్చుకున్నాక మనసు మారిందని వెనక్కి తీసుకోవడానికి వీలులేదు.

ఇప్పటికే రాసేసినవారు ఇక్కడ ఉన్నారని నాకు తెలుసు. వాళ్ళు నిరాశపడనక్కరలేదు. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. దాని 23వ సెక్షను ప్రకారం, చట్టం అమలయ్యాక మన అవసరాలు చూడాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, వాళ్ళు చూడకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయమని ట్రిబ్యునలును అడగవచ్చు. ట్రిబ్యునలంటే ఎక్కడో కాదు, మన ఆర్.డి.ఓ. గారే. నెలకు 10,000 రూపాయలకు మించకుండా పోషణ ఖర్చు ఇప్పించే అధికారమూ ఉంది. అయితే షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో అన్నది. 2025 జనవరిలో ఇంకో కేసులో, ఇది వృద్ధుల మేలు కోరి చేసిన చట్టం గనుక ఉదారంగా చూడాలని, ఒక తల్లి రాసిన దానపత్రాన్ని రద్దుచేసి ఆస్తి ఆమెకు తిరిగి అప్పగించమన్నది. కాబట్టి ఎవరైనా రాసి తీరాలనుకుంటే, ఆ షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. కొడుకు నొచ్చుకుంటాడేమో అని మానెయ్యకండి. నొచ్చుకునేవాడైతే ఆ సంగతి ముందే తెలియడం మంచిది గదా.

ఇంటిని పట్టుకుని వేలాడమని కూడా నా ఉద్దేశం కాదు. అటువైపు పిచ్చి కూడా చూశాను. గ్రాట్యుటీ, కమ్యుటేషను సొమ్మంతా పోసి, అమెరికాలో ఉన్న కొడుకు కోసం మేడ మీద మరో వాటా వేస్తారు. వాడు రెండేళ్ళకోసారి పది రోజులొస్తాడు. మిగిలిన రోజులు ఆ గదుల్లో పావురాలు. కింద వీళ్ళిద్దరూ ఆయాసపడుతూ మెట్లెక్కి దుమ్ము దులుపుతుంటారు. ఇంకొకాయన రిటైరయ్యాక వాస్తు పేరిట వంటిల్లు మూడుసార్లు మార్చాడు. తూర్పు గేటు పడమరకు వెళ్ళి మళ్ళీ తూర్పుకే వచ్చింది. మేస్త్రీ మాత్రం సొంతిల్లు కట్టుకున్నాడు.

ఇల్లుండి చేతిలో రొక్కం లేనివారి కోసం 2007 బడ్జెట్లో రివర్సు మార్ట్‌గేజి అని ఒకటి ప్రకటించారు. అరవై దాటిన సొంతదారు ఇల్లు బ్యాంకుకు తనఖా పెడితే, బ్యాంకే విడతలుగా సొమ్ము ఇస్తుంది. దంపతులు ఉన్నంతకాలం ఆ ఇంట్లోనే ఉండవచ్చు. వారి తరువాత వారసులు బాకీ తీర్చి విడిపించుకోవచ్చు, లేదా బ్యాంకు అమ్మి తన బాకీ తీసుకుని మిగిలినది వాళ్ళకిస్తుంది. నాకు తెలిసినవాళ్ళలో ఒక్కరూ తీసుకోలేదు. ఇల్లు తనఖా పెట్టాడట అనే మాటకు భయం. పిల్లలు లేని దంపతులైనా ఒకసారి బ్యాంకులో అడిగి చూస్తే తప్పు లేదని నా మనవి.

మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను, లేకపోతే ఫైలు పెండింగులో పడుతుంది. ఇల్లు అమ్మలేదు. మా డిపాజిట్లలోంచి 6 లక్షలు అబ్బాయికి ఇచ్చాం. దొంగచాటుగా కాదు, రాజమండ్రిలో ఉన్న అమ్మాయికి ఫోను చేసి చెప్పి, ఆ మొత్తం పుస్తకంలో రాసి. వాడు మూడు నెలలు నాతో మాట్లాడలేదు. వాళ్ళమ్మకు ఫోను చేసి, నేనెత్తితే పెట్టేసేవాడు. తరువాత ఊరికి దూరంగా రెండు పడక గదుల ఫ్లాటు తీసుకున్నాడు. గృహప్రవేశానికి వెళ్ళాం. దస్తావేజులో కోడలి పేరు కూడా వేయించమని నేనన్నదొక్కటే మాట, వేయించాడు.

వీలునామాలో నా తరువాత ఇల్లు మా ఇంటావిడది. ఆవిడ నాకంటే ముందు వెళితే అబ్బాయికి, అమ్మాయికి చెరిసగం. అమ్మాయి "నాకెందుకు నాన్నా" అంది. నిరుడు నా కంటి ఆపరేషనుకు పదిహేను రోజులు సెలవు పెట్టి వచ్చింది ఎవరని నేను తిరిగి అడగలేదు. ఇద్దరికీ చెరో జిరాక్సు కాపీ పంపాను. అబ్బాయి అందిందన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు, ఇంతవరకు. పండక్కి వస్తానన్నాడు. వచ్చినప్పుడు మాట్లాడుకుంటాం.

వచ్చే నెల నుంచి ప్రతి ఆదివారం ఉదయం 10 నుంచి 12 వరకు ఈ ఆఫీసు గదిలో నేనూ, రిజిస్ట్రేషను శాఖలో పనిచేసి రిటైరైన మిత్రులొకరూ కూర్చుంటాం. మీ ఇంటి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఇంటి పన్ను రసీదు, దొరికితే ఇ.సి., జిరాక్సులు తీసుకుని రండి. ఒరిజినల్సు ఇంట్లోనే ఉంచండి. ఫీజు ఏమీ లేదు. ఒంటరిగా రావద్దు, మీ ఇంటావిణ్ణి కూడా తీసుకురండి. కుర్చీలు రెండు వేయిస్తాం.

కాఫీలు చల్లారిపోతున్నాయని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. సెలవు.